కళ్లకు అంటని రంగు

ఆ ఏడు మా కుంకుమపువ్వు పంట పదిహేడు రోజులే. వానలు ఆలస్యమై, తర్వాత చలి ముందుగా దిగి, మూడు వారాలు తీరిగ్గా పూయాల్సిన పూలు ఒక్కసారిగా విరగబూశాయి. ఈ పువ్వు ఎవరి మాటా వినదు. పొద్దు పొడవకముందే కోయాలి. ఎండ తగిలి రేకులు విచ్చుకున్నాయంటే సగం సువాసన గాలికి పోయినట్టే. కోసినవాటిని ఆ రోజే ఒలిచి, ఒక్కో పువ్వులోంచి మూడేసి ఎర్రటి పోగులు తీసి ఆరబెట్టాలి. అందుకే ఆ రోజుల్లో మా కొండల్లో పెళ్లిళ్లుండవు, తగాదాలుండవు, జబ్బులు కూడా ఉండవు. ఉన్నా ఎవరూ ఒప్పుకోరు.

మా అక్క ఇజ్జా అసలే ఒప్పుకోదు. భర్త పోయి పుట్టింటికొచ్చిన దగ్గర్నుంచి, పన్నెండేళ్లుగా, మా మడులన్నీ ఆమె చేతిమీదే నడుస్తున్నాయి. నలభై రెండేళ్ల మనిషి. పూలు కోస్తుంటే ఆమెకంటే వెనకబడ్డవాళ్లే గానీ ఆమెను దాటినవాళ్లు లేరు. మా అమ్మ యమ్నా కూడా ఆమెకు భయపడేది.

నా పేరు బెలైద్. కొండ దిగువ ఊళ్లో ఉన్న చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షల గది నాది. నాది అంటే అందులో నేనొక్కణ్ణే. రక్తం తీసేదీ నేనే, మిషన్ తుడిచేదీ నేనే, కాగితం రాసేదీ నేనే. పంట రోజుల్లో తెల్లవారుజామున పూలు కోసి, తొమ్మిదింటికి తెల్లకోటు తొడుక్కునేవాణ్ణి. ఊళ్లో సగంమంది నన్ను డాక్టరనే పిలుస్తారు. నేనెప్పుడూ కాదనలేదు.

పంట మొదలైన ఎనిమిదోరోజు, సోమవారం, అక్క మడి మధ్యలో వంగింది వంగినట్టే ఉండిపోయింది. చేతిలో పువ్వుంది. బుట్టలో వెయ్యడం లేదు.

"ఏమైందే?" అన్నాను.

"ఏం కాలేదు. రాత్రి తాగిన జావ పడలేదు."

"బొడ్డు చుట్టూ నొప్పా?"

"నీ డాక్టరీ నా దగ్గరొద్దు. ఆ వరసలో నాలుగు పూలు వదిలేశావు, ముందు అవి చూసుకో."

నాలుగు కాదు, ఆరు వదిలేశాను. వెనక్కి వెళ్లి కోశాను. ఆ పూట ఆమె రొట్టె ముట్టలేదు. రెండుసార్లు గట్టు అవతలికి వెళ్లి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని వచ్చి మళ్లీ వంగింది. మంగళవారం నాటికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. కుడికాలు ఈడ్చి నడుస్తోంది. కోత అయ్యాక, "నువ్వు రాకపోతే నేనే భుజాన వేసుకుని తీసుకుపోతాను, ఊరంతా చూస్తుంది" అని బెదిరించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

మా డాక్టరమ్మ గిజ్లాన్ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన పిల్ల. ముప్పై కూడా ఉండవు. వసంతంలో వచ్చింది, కుంకుమపువ్వు పంట చూడటం అదే మొదలు. అక్క పొట్ట మెల్లగా నొక్కి చూసింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"ఒక్కసారి దగ్గండి."

అక్క దగ్గింది. ముఖం మెలితిరిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు?"

"చలికి దగ్గితే ఎవరికైనా అంతే" అంది అక్క.

డాక్టరమ్మ నవ్వలేదు. అపెండిక్స్‌లా ఉందనీ, స్కానింగ్ తీసే ఆయన గురువారం గానీ రాడనీ, రెండు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి ఇప్పుడే పోవడం మంచిదనీ చెప్పింది. ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అంటూ పెద్దవాళ్లు హడలిపోయేది ఈ జబ్బుకే. అక్క మాత్రం హడలలేదు.

"ఇంకో వారం ఆగి పోతాను తల్లీ. నా కడుపులో సంగతి పూలకి తెలీదు కదా."

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "తెల్లకణాలు చూడండి. సీఆర్‌పీ చూడండి, ఒంట్లో వాపు ఎంతుందో అది చెప్తుంది. బిలిరుబిన్ కూడా."

"బిలిరుబిన్ దేనికండీ? అది కామెర్లకి కదా?"

"అపెండిక్స్ వట్టిగా వాస్తే ఒక ఎత్తు. లోపల కుళ్లినా, చిల్లుపడినా ఆ విషం కాలేయం దాకా పాకుతుంది. అప్పుడు బిలిరుబిన్ పెరుగుతుంది. అదొక్కటే చూసి ఏదీ తేల్చకూడదనుకోండి. కానీ ఈ నొప్పికీ, మిగతా రెండు అంకెలకీ అది కూడా తోడైతే నేనింక ఆవిడ మాట వినను. కట్టేసైనా పంపిస్తాను. ఇంత మొండిమనిషిని కదిలించాలంటే నాకు కాగితం మీద ఇంకొక్క సాక్ష్యం కావాలి."

అక్క చేయి చాపింది. సూది దిగుతుంటే కూడా తిరిగి చూడలేదు, కిటికీలోంచి ఎండ ఎంత ఎక్కిందో చూస్తోంది. పన్నెండింటికి అంకెలు వచ్చాయి. తెల్లకణాలు పదమూడు వేలు. సీఆర్‌పీ డెబ్బై ఎనిమిది. రెండూ ఎక్కువే. బిలిరుబిన్ ఇరవై మూడు. మా మిషన్ లెక్కలో అది పన్నెండు దాటకూడదు.

గొట్టం తీసి వెలుతురులో పట్టుకున్నాను. ఎరుపు అడుగుకు దిగి, పైన తేరిన ద్రవం పసుపుపచ్చగా ఉంది. ఆ గొట్టాన్ని పట్టుకున్న నా వేళ్లూ అదే పసుపుపచ్చ. తెల్లవారి నాలుగు బుట్టలు కోసి, ఒక గంట ఒలిచి వచ్చిన వేళ్లవి. చేతొడుగులు అయిపోయి మూడు రోజులైంది. అక్క మోచేతి మడత మీద దూది నొక్కినచోట కూడా నా బొటనవేలి పచ్చ అచ్చు పడటం నేను చూశాను. దానికి తోడు ఆ రోజుల్లో మేం రోజుకు ఆరేడు గ్లాసులు కుంకుమపువ్వు వేసిన టీనే తాగుతాం. నవ్వొచ్చింది నాకు. ఒట్టేసి చెప్తున్నాను, ఆ అంకె చూసి నేను నవ్వాను.

కాగితం మీద మొదటి రెండూ రాశాను. మూడోది ఖాళీగా వదిలేశాను.

"బిలిరుబిన్ ఏదీ?" అంది డాక్టరమ్మ.

"అది సరిగ్గా రాలేదండీ. కుంకుమపువ్వు రంగు కలిసింది. పంట రోజుల్లో ఇక్కడ అంతే."

"అలా కూడా అవుతుందా?"

"మీరు కొత్త కదండీ." రెండు చేతులూ చాపి చూపించాను. "ఈ నెలలో మా ఊరి మేకలు కూడా పచ్చగానే ఉంటాయి."

ఆమె కాస్త నవ్వింది. ఇక్కడే పుట్టి పెరిగినవాడు చెప్తున్నాడు కదా అని నమ్మింది. అయినా బయటికొచ్చి అక్కకు మరోసారి చెప్పి చూసింది. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్తే మంచిదంది.

"రక్తంలో తేలిందా తల్లీ?" అంది అక్క, శాలువా భుజాన వేసుకుంటూ.

"పూర్తిగా తేల్లేదు. అనుమానం మాత్రం గట్టిగా ఉంది."

"తేలనిదానికి రెండు గంటలు బండెక్కి పోనా? ఏరా, నువ్వేమంటావు?"

"మాత్రలిస్తారు, వేసుకో. రేపు మళ్లీ తీద్దాంలే" అన్నాను.

అక్క తన జీవితంలో నా మాట విన్నది ఆ ఒక్కసారే.

బుధవారం తెల్లవారి మడిలోకి వెళ్లేసరికి అక్క అప్పటికే సగం వరస కోసేసి ఉంది. నిటారుగా నడుస్తోంది. మంచులో నిలబడి పక్కమడి కల్తూంతో వేళాకోళాలాడుతోంది.

"నొప్పేదీ?" అన్నాను.

"పోయింది! తెల్లవారుజామున ఏదో తెగినట్టయి, ఒక్కసారిగా పోయింది. మూడు రోజులయింది హాయిగా ఊపిరి పీల్చి. నీ డాక్టరమ్మకి చెప్పు, మాత్రలు బంగారమని."

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ అంకెను నేను సరిగ్గానే తీసిపారేశానని కూడా అనిపించింది. నా తెలివికి నేనే మురిసిపోతూ ఎన్నడూ లేనంత వేగంగా కోశాను.

ఎండ వచ్చాక ఇంటి ముంగిట చాప పరిచి పూల కుప్ప చుట్టూ కూర్చున్నాం. అమ్మ రొట్టె, బాదం ముద్ద, టీ తెచ్చింది. అక్క చేతికి గ్లాసిస్తూ ఆగిపోయింది. గడ్డం పట్టుకుని అక్క ముఖాన్ని ఎండవైపు తిప్పింది.

"దీని కళ్లు చూడరా."

"ఏముంది?"

"పచ్చబడ్డాయి. కామెర్లు. పైఊళ్లో వాతలు పెట్టే తాత ఇద్దర్ దగ్గరికి తీసుకుపోదాం, మణికట్టు మీద వాత పెడతాడు. మీ నాన్నకీ ఆయనే పెట్టాడు."

నాకు ఒళ్లు మండింది. వాతలన్నా, తాయెత్తులన్నా నాకు మొదట్నుంచీ పడదు. "అమ్మా, ఇరవై ఒకటో శతాబ్దంలో ఇనుపచువ్వ కాల్చి వాతలేంటే? అది కుంకుమపువ్వు రంగు. నిన్న రక్తంలో కూడా చూశాను. కళ్లు నలుపుకుని ఉంటుంది, అంటుకుంది."

"కుంకుమపువ్వు వేళ్లకంటుతుంది. గోళ్లకంటుతుంది. బట్టలకంటుతుంది. కళ్లకెక్కడైనా అంటుతుందిరా?" అమ్మ వంగి తన ముఖం నా ముఖం దగ్గర పెట్టింది. "అరవై ఏళ్లుగా ఒలుస్తున్నాను. నీకంటే, దీనికంటే ఎక్కువ టీ తాగాను. నా కళ్లు చూడు. పచ్చగా ఉన్నాయా?"

అమ్మ కళ్లు ఎర్రగా, తడిగా ఉన్నాయి. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. నేను చూశాను, చూసి కూడా ఒప్పుకోలేదు.

"అయితే నీ రక్తం కూడా ఇవ్వు. అదీ పచ్చగానే ఉంటుంది. తెచ్చి నీకు చూపిస్తాను. అప్పుడైనా ఆ వాతల తాత పేరెత్తకుండా ఉంటావు."

"ఇస్తాను. ఇదిగో" అని అమ్మ చేయి చాపింది. బిస్మిల్లా అని కళ్లు మూసుకుంది. నా సంచిలో ఎప్పుడూ ఉండే సూదీ గొట్టాలూ బయటికి తీశాను. మళ్లీ తీద్దామని నిన్న చెప్పిన అక్క రక్తం కూడా అప్పుడే తీసేశాను. అక్క పడీపడీ నవ్వింది. "మా అమ్మకూ తమ్ముడికీ పందెం, మధ్యలో నా నెత్తురు" అంది. ఆ నవ్వులో పళ్లు కటకటలాడటం విని, చలి అనుకున్నాను. ఆమె చేయి వేడిగా ఉంది. ఎండలో కూర్చుంది కదా అనుకున్నాను. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. నాకు కామెర్లు లేకుండానే ఆ రెండు రోజులూ కనపడిందంతా కుంకుమపువ్వే.

గదికి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. రెండు గొట్టాలూ రక్తం తేర్చే మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి తిప్పాను. మిషన్ ఆగాక తీశాను.

అమ్మ గొట్టంలో పైన తేరింది లేత గడ్డిరంగు. దాదాపు నీళ్లే. అక్క గొట్టంలో తేరింది ఆవనూనెలా ఉంది.

అరవై పంటల కుంకుమపువ్వు తాగిన మనిషి రక్తంలో రంగు లేదు. స్టూలు మీద కూలబడ్డాను. అంకెలు వచ్చేదాకా ఆ రెండు గొట్టాలనూ చూస్తూనే ఉన్నాను, ఏ ఒక్కటైనా మారుతుందేమోనని. అమ్మది ఆరు. అక్కది ముప్పై ఎనిమిది. సీఆర్‌పీ రెండువందల పది.

డాక్టరమ్మ గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లాను. కాగితం చేతికిచ్చాను. ఆమె చదివింది.

"నొప్పి ఎలా ఉంది ఆవిడకి?"

"పోయిందండీ. తెల్లవారుజామున ఒక్కసారిగా పోయింది."

ఆమె కుర్చీలోంచి లేచిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందుంది. "పోయిందా? అంత నొప్పి ఒక్కసారిగా పోయిందంటే తగ్గినట్టు కాదు బెలైద్ గారూ. అది పగిలింది. చీము మొత్తం కడుపులో పడింది. బండి! ఎవరిదైనా సరే, బండి తీయించండి."

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. పొద్దున ఆ నొప్పి పోయిందనే కదా నేను మురిసిపోయింది! డాక్టరమ్మ నా భుజం పట్టుకుని కుదిపితే గానీ కదల్లేకపోయాను.

మేం వెళ్లేసరికి అక్క చాప మీదే ఉంది. పూల కుప్ప ముందు కూర్చుని ఒలుస్తూనే ఉంది. పెదాలు ఎండిపోయాయి, ముఖాన చెమట. వేళ్లు మాత్రం ఆగలేదు. తీసిన పోగుల్ని పళ్లెంలో కాకుండా పక్కన నేల మీద వేస్తోంది. ఆ సంగతి ఆమెకు తెలియడం లేదు.

"వచ్చావా? ఎవరు గెలిచారు?" అంది.

"అమ్మ" అన్నాను.

డాక్టరమ్మ పొట్ట మీద చేయి వేసింది. చెక్కలా బిగుసుకుపోయి ఉందని, చేయి వెనక్కి తీసుకున్న తీరులోనే తెలిసింది. అక్కను దుప్పటిలో ఎత్తి కల్తూం కొడుకు వ్యానులో పడుకోబెట్టాం. "ఆ కుప్ప మిగిలిపోయింది, మిగిలిపోయింది" అని దారంతా గొణుగుతూనే ఉంది. రెండో కనుమ దాటాక గొణగడం కూడా మానేసింది. అమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని, మధ్యమధ్యలో ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. డాక్టరమ్మ సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని ఉంది. ఆ రెండు గంటలూ నేను ఇరవై మూడు, ఇరవై మూడు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

సాయంత్రానికి సర్జన్ బయటికొచ్చాడు. అపెండిక్స్ కుళ్లి పగిలిందని, కడుపంతా కడిగామని, పేగు కూడా కొంత తీసెయ్యాల్సి వచ్చిందని చెప్పాడు. "ఒక రోజు ముందు తెస్తే ఇందులో సగం కూడా ఉండేది కాదు" అన్నాడు మామూలుగా, అందరికీ చెప్పే మాటలా. అమ్మ చేతులెత్తి అల్లాను తలుచుకుంది. నేను గోడకానుకున్నాను.

ఐదు రోజులు అక్క బతుకుతుందో లేదో తెలియలేదు. ఆరోరోజు జ్వరం దిగింది. మా మడుల్లో పూలు కొన్ని కల్తూం వాళ్లు కోశారు, కొన్ని ఎండకు విచ్చుకుని అక్కడే వాడిపోయాయి. పంట ముగిసింది. ఊరినుంచి బస్సెక్కి పరామర్శకు వచ్చినవాళ్లందరూ నన్ను ఆకాశానికెత్తేశారు.

"నొప్పి పోయిందని అందరూ నవ్వుతుంటే, నువ్వు నెత్తురు చూసి పట్టేశావటగా!"

"తమ్ముడంటే నువ్వేరా నాయనా. నూరేళ్లు బతుకు."

అమ్మ కూడా అదే చెప్పుకుంది. పందెం తానే గెలిచానన్న సంగతి మరిచిపోయి, నా కొడుకు మిషనే దాని ప్రాణం నిలబెట్టిందని వార్డంతా తిరిగి చెప్పింది. ఆ పొగడ్త వినపడినప్పుడల్లా నేను వార్డు బయటికి వెళ్లిపోయేవాణ్ణి. కానీ నోరు విప్పలేదు. విప్పకపోతే ఎవరికీ తెలియదని కూడా అనుకున్నాను. ఆ పాపం ఒప్పుకుంటున్నాను.

ఎనిమిదోరోజు డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. నన్ను వరండాలోకి పిలిచింది.

"మిషన్‌లో మంగళవారం అంకె ఉంది. ఇరవై మూడు. చూశాను."

నేను తల దించుకున్నాను.

"రంగు కలిసిందేమోనని అనుమానమొస్తే మళ్లీ తీసి ఉండాల్సింది. మీ మాట నమ్మి ఊరుకున్నందుకు నాదీ తప్పుంది. కేసు కాగితాల్లో ఇద్దరి తప్పూ రాశాను. పైవాళ్లకు పంపిస్తున్నాను." వెళ్లబోతూ, "ఆవిడకి మాత్రం నేను చెప్పను. మీరు చెప్పాలి" అంది.

లోపలికి వెళ్లాను. అక్క దిండుకానుకుని కూర్చుంది. చెంపలు లోపలికి పోయాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. వేళ్లమీద పచ్చ ఇంకా పూర్తిగా పోలేదు.

"అక్కా, ఆ అంకె మంగళవారమే వచ్చింది" అన్నాను.

"ఏ అంకె?"

"నీ లోపల కుళ్లిందని చెప్పే అంకె. నేను కుంకుమపువ్వనుకున్నాను. డాక్టరమ్మకి రాయలేదు. రాసి ఉంటే ఆ రోజే నిన్ను పంపించేది."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను.

"నువ్వేమంటావు అని నిన్ను అడిగాను కదరా" అంది చిన్న గొంతుతో. "నీకు తెలుసు కదా అని అడిగాను."

అంతే. పక్కకు తిరిగి పడుకుంది. ఇంటికి తిరిగొచ్చాక కూడా నాతో మాటలు లేవు. ఉప్పు కావాలన్నా అమ్మతో అడిగించేది. పైవాళ్ల దగ్గర్నుంచి నాకు మందలింపు కాగితం వచ్చింది. ఊళ్లో సంగతి తెలిసి పొగిడిన నోళ్లే మెల్లగా మూతపడ్డాయి. వాటివేవీ నాకు అంతగా అనిపించలేదు. ఇంట్లో ఆమె నా పక్కనుంచి నడిచి వెళ్తుంటే మాత్రం తలెత్తలేకపోయేవాణ్ణి.

నెల తిరిగాక ఆమెకు మళ్లీ రక్తపరీక్ష చెయ్యాలని పెద్దాసుపత్రివాళ్లు రాశారు. బస్సెక్కి అక్కడికే పోతుందనుకున్నాను. కల్తూంతో అలాగే అందట కూడా. కానీ ఆ సోమవారం పదింటికి నా గది తలుపు తెరుచుకుంది. అక్క ఒక్కతే వచ్చింది. రెండు కిలోమీటర్లు నడిచొచ్చి ఆయాసపడుతోంది. స్టూలు మీద కూర్చుని, చొక్కా చేయి మోచేతి పైదాకా మడిచి, చేయి బల్లమీద చాపింది.

నేను చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు కడుక్కున్నాను. సూది చేతిలోకి తీసుకున్నాను. ఆమె ఈసారి కిటికీవైపు చూడలేదు. సూదినే చూస్తోంది.

"ఈసారి ఎంత వస్తే అంత రాయి" అంది.